పడవలో పిలిచిన పిలుపు

కరుణోళ్ల బాపూ,

ఎట్లా ఉన్నావు? నువ్వు పోయి ఐదేళ్లు నిండాయి. ఈస్టరుకు మన ఊరు రుద్రూర్ వచ్చి నీ సమాధికి సున్నం వేయించాను. బంతిపూలు నేనే గుచ్చాను, కొవ్వొత్తులు మన బిడ్డ కరుణ వెలిగించింది. తెల్లవారుజామున అందరితోపాటు నిలబడి పాటలు పాడాను కానీ, నీతో ఒక్క మాట మాట్లాడలేకపోయాను. పక్కన ఆయన ఉన్నారు. అందుకే ఈ ఉత్తరం.

ఆయన సంగతి నీకు తెలుసు. పోయిన ఏడు చర్చిలో మా పెళ్లయిన సాయంత్రమే వచ్చి నీ దగ్గర కూర్చుని ఏడ్చాను కదా... నిజామాబాద్‌లో బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. భార్య పోయి చాలా ఏళ్లు, పిల్లలు లేరు. నేను వద్దంటే వద్దన్నాను. కరుణ ఊరుకుందా? "అత్తగారింట్ల నేను అన్నం ముందల వెట్టుకుంటె, నువ్వు ఒక్కదానివి గోడలు సూస్కుంట కూసున్నదే యాదికొస్తుంది. ముద్ద దిగుతలేదమ్మా" అంది. ఇక ఏమంటాను?

పెళ్లి చేసుకున్నందుకు నువ్వు నన్ను తిట్టవు. నీకు తిట్టడం చాతనైతే నేను ఇంత బాధపడేదాన్నే కాదు. కానీ ఇప్పుడు చెప్పబోయేది వేరే. ఎట్లా మొదలుపెట్టాలో తెలియడం లేదు...

మేమిద్దరం పడవెక్కాము.

నవ్వకు! కేరళలో సముద్రం పక్కనే కాలువ పారుతుందట. దాని మీద తెరచాప కట్టిన నాటు పడవలో అలెప్పీ నుంచి దక్షిణాన కొల్లం దాకా, దారిలో ఊళ్లలో ఆగుతూ, మూడు రోజులు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బస్సులో నిలబడి తిరిగారు కదా, ఇంజను చప్పుడు లేని ప్రయాణం ఒక్కటైనా చేయాలని ఆయన కోరిక. నేను రానన్నాను. జనం నవ్వుతారన్నాను. నిజానికి నా భయం జనం గురించి కాదు, నీ గురించి. బతుకంతా నిజాంసాగర్ కాలువ మీద లష్కర్‌గా తూము తలుపులు ఎత్తీ దించీ, ఒక్క రోజు పడవెక్కి ఎరగవు. "కాలువల నీళ్లు పోవాలె గని మనుషులు పోవుడేందే" అనేవాడివి. నువ్వు ఎక్కని పడవ నేను ఎట్లా ఎక్కేది?

ఎక్కాను. ఈస్టరు ముందు ఉపవాసాల శ్రమదినాలు మొదలుకాక ముందేలే, మరీ అంత తెగించలేదు.

పడవవాడు తాడు విప్పగానే ఈయన అలవాటు కొద్దీ పడవ అంచు మీద చేత్తో రెండు దెబ్బలు కొట్టి "రైట్, రైట్!" అని అరిచారు. పడవవాడు ఏమైందోనని బెదిరి మళ్లీ తాడు పట్టుకున్నాడు. నేను పగలబడి నవ్వాను. కళ్లలో నీళ్లొచ్చేదాకా, పొట్ట పట్టుకుని... నవ్వు ఆగాక లోపల కలుక్కుమంది. నువ్వు మట్టిలో ఉంటే నేను నీళ్ల మీద పళ్లికిలిస్తున్నాను. సిగ్గుండొద్దా నాకు?

ఆ కాలువ చూస్తే నీకు పిచ్చెక్కేది. పొద్దున ఒక దిక్కుకు పారిన నీళ్లు మధ్యాహ్నానికి వెనక్కి మళ్లాయి. తూమూ లేదు, తలుపూ లేదు. ఎవరు మళ్లించారని అడిగితే ఈయన "సముద్రం" అన్నారు. నువ్వు ఉంటే గట్టు దిగిపోయి ఆ సముద్రంతోనే పంచాయితీ పెట్టుకునేవాడివి. నీ కాలువలో నువ్వు చెప్పిన దిక్కుకు తప్ప చుక్క కదిలిందా ఎప్పుడైనా? మన దగ్గర లాగానే అనుకుని దోసిలి పట్టి నోట్లో పోసుకున్నాను. థూ, ఉప్పు! ఈ నీళ్లతో చెరుకు ఎట్లా పండుతుందని గట్టుకు రెండు వైపులా వెతికాను. ఎటు చూసినా కొబ్బరిచెట్లే.

అట్లా కనబడిందల్లా నీకు చెప్పుకుంటూ పోయాను. పక్కన ఆయన, మాటలేమో నీతో. ద్రోహం ఎవరికి చేసినట్టు? నీకా, ఆయనకా?

అసలు సంగతికి వస్తాను. మన దగ్గర మొగుణ్ణి పేరు పెట్టి పిలిచిన ఆడది ఉందా? మా అమ్మ పిలవలేదు, మీ అమ్మ పిలవలేదు. కరుణ పుట్టేదాకా నిన్ను "ఇగో" అన్నాను. పుట్టాక కరుణోళ్ల బాపువి అయ్యావు. నువ్వేమో నన్ను ఏడిపించేవాడివి... "ఒక్కసారి నా పేరు వెట్టి పిలువు. ఏడున్నా సరే, తూము ఇడిసిపెట్టి ఉరికొస్త." నేను కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పారిపోయేదాన్ని.

మరి ఈయన్ని ఎవరి బాపు అని పిలవాలి? ఏడాదిగా పిలుపు లేకుండానే కాపురం చేస్తున్నాను. అన్నం వడ్డించి గిన్నె చప్పుడు చేస్తాను, వస్తారు. బజారులో ముందు నడుస్తుంటే దగ్గుతాను, ఆగుతారు. పాపం, ఒక్క మాట అడిగింది లేదు.

మూడో రోజు, ఇంకాసేపట్లో కొల్లం అనగా, కాలువ పోయి పెద్ద సరస్సులో కలిసింది. ఒడ్డు దూరమైపోయింది. ఉన్నట్టుండి గాలి కొట్టింది. తెరచాప ఫట్టుమని ఉబ్బి, పడవ ఒక పక్కకు వాలి, నీళ్లు నా పాదాల మీదికి ఎక్కాయి. ఈయన ఎక్కడో ముందు కూర్చున్నారు. నేను కళ్లు గట్టిగా మూసుకుని అరిచాను.

"ఓ కరుణోళ్ల బాపూ!"

"ఆఁ! ఈడ్నే ఉన్న!"

పలికారు. మలుపు తిరిగే బస్సులో నడిచినట్టు తూలకుండా నడిచొచ్చి నా చెయ్యి పట్టుకున్నారు. పడవవాడు తెరచాప కిందికి దించాడు. పడవ నిలబడింది. కానీ నా నోట్లోంచి వచ్చింది వచ్చేసింది...

ఒడ్డు చేరేదాకా తలెత్తలేదు నేను. టీ కొట్టు దగ్గర కూర్చున్నాక, ఇక ఆగలేక చెప్పేశాను, నేను పిలిచింది మిమ్మల్ని కాదు అని. "ఎరికే" అన్నారు. టీ ఊదుకుంటూ, "ఆపదల పిలిచినవ్. దగ్గర నేనే ఉన్న. పలికిన. తప్పా?" అన్నారు.

ఆయన తప్పేముంది! తప్పంతా నాది. నువ్వు కాలువ గట్టు మీద కూలిపోయిన రోజూ నేను ఇదే పిలుపు పిలిచాను. తూము పక్కన బోర్లా పడి ఉన్నావు. కరుణోళ్ల బాపూ, కరుణోళ్ల బాపూ... గొంతు పూడుకుపోయేదాకా. నువ్వు పలకలేదు. అప్పటి నుంచి ఆ పిలుపు నా చెవుల్లో జవాబు లేకుండానే మోగుతూ ఉంది. పడవలో ఒకరు "ఆఁ" అన్నారు. నాకు ఏడుపు రావాలి కదా? రాలేదు. ప్రాణం కుదుటపడింది. నిన్ను పిలిచిన పిలుపుకు ఇంకొకరు పలికితే నాకు హాయిగా అనిపించింది. ఇంతకంటే పాపం ఉంటుందా?

ఇంకొకటీ ఉంది. ఆ రోజు గట్టు మీద నీ పేరు పెట్టి పిలిచి ఉంటే? ఉరికొస్తానన్నావు కదా... పేరు నాలుక దాకా వచ్చింది. చుట్టూ చెరుకు కొట్టేవాళ్లు మూగి ఉన్నారు. నలుగురిలో మొగుడి పేరు అనడమా అని నాలుక వెనక్కి పోయింది. నువ్వు పోతుంటే కూడా నాకు సిగ్గు అడ్డమొచ్చింది చూడు. అప్పటికే ప్రాణం లేదని డాక్టర్ అన్నాడు. అయినా సరే... పిలిచి ఉంటే?

ఇంటికొచ్చాక కరుణకు అంతా చెప్పాను. కొట్టినా పడేదాన్ని. అది, "ఆ పిలుపుల ఉన్నది నా పేరే గదమ్మా. నేనిస్తున్న, పిలుసుకో" అంది. కళ్లు తుడుచుకుంటూనే అంది.

ఈయనకు ఇప్పుడు కొత్త రోగం పట్టుకుంది. గిన్నె చప్పుడు చేస్తే రావడం లేదు. వినబడనట్టే పేపరు పట్టుకుని కూర్చుంటారు. ఎన్నిసార్లు కొట్టినా అంతే, పేజీ తిప్పుతారు. అన్నం చల్లారుతుంది. చివరికి నేనే పళ్లెం తీసుకెళ్లి ఎదురుగా పెడతాను. నోరు తెరిచి అడగరు. పిలుపు కోసమే అని నాకు తెలియదా?

నువ్వు ఏమంటావు? ఇవ్వనా?

ఇస్తాను. ఈ పూట వడ్డించాక గిన్నె ముట్టుకోను, నోటితోనే పిలుస్తాను. బతికున్న మనిషిని ఎన్నాళ్లని గిన్నెలు కొట్టి పిలుస్తాను? నన్ను క్షమించు. నీకు మాత్రం ఎవ్వరికీ ఇవ్వనిది దాచి ఉంచాను. నువ్వు అడిగి అడిగి అలిసిపోయినది. ఆదివారం ఆరాధన అయ్యాక ఒక్కదాన్నే నీ దగ్గరికి వస్తాను. ఈసారి కొంగు నోట్లో కుక్కుకోను. చుట్టూ ఎంతమంది ఉన్నా సరే, గట్టిగా పిలుస్తాను.

ఉరికి రావద్దు. పడుకునే విను, చాలు. ఇప్పుడైతే చేత్తో రాస్తున్నాను...

దానియేలూ.

నీ శాంత