గేటు దగ్గర మీ తమ్ముడు

ఇద్దరం కులాసా. ఎవరో చెప్పగా విని నువ్వు కంగారుపడకముందే రాస్తున్నాను. సరిహద్దు గేటు ముందు లారీల వరుసలో మీ తమ్ముడు కళ్ళు తిరిగి పడిపోయాడు. డ్రైవర్ల కోసం కొత్తగా కట్టిన ఆసుపత్రి గేటుకు అవతల ఉంది. నేను కాగితాలు తీయబోతే కాపలా ఆయన, "అవెక్కడికీ పారిపోవులే, ముందు మనిషిని చూడు" అని గేటెత్తేశాడు. షుగరు పడిపోయిందట. మహానుభావుడు తిండి మానేసి బండి నడిపాడు. ఇప్పుడు పక్కనే విశ్రాంతి గదిలో వేణ్ణీళ్ళ స్నానం చేసి, మంచం దిగనంటున్నాడు. పోయినేడు ఇదే చోట లారీ కింద పడుకున్నాం, తాగడానికి చుక్క నీళ్ళు లేవు.

వంటింటి కుళాయి బాగుచేయించావా? చిన్నదానికి దగ్గు తగ్గిందా? అత్తయ్యకు ఇదేమీ చెప్పకు. వాడు వచ్చాక తిట్టకు, నీ వంతు కూడా నేనే తిట్టేశాను. పిల్లలకు ఆశీస్సులు.