నిప్పుల పండగలో విడిచిన చెయ్యి

చెల్లెలు రత్నమ్మకు ఐర్లండు దేశం షానన్ ఊరి నుంచి అన్న నరసింహులు తన చేత్తో రాసుకున్న ఉత్తరం. నువ్వూ పిల్లలూ చల్లగా ఉన్నారనుకుంటాను. మీ ఆయనకు దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. ఒళ్లు బాగుంది, మనసే బాగలేదు. అక్షరాలు వంకర పోతాయి, కూడబలుక్కుని చదువుకో. గట్టిగా మాత్రం చదవొద్దు.

ఇక్కడ ఎప్పుడూ వానే. ఎండ వచ్చిందని బట్టలు ఆరేసేలోపల మళ్లీ వాన. నా కూతురు సుజాత పొద్దున్నే ఫ్యాక్టరీకి పోతుంది. మనవరాలు అమ్మును బడికి తీసుకుపోయేది నేనే. నువ్వు పంపిన రాగిపిండి ఇంకా ఉంది. తిండికి కొదవ లేదు, మాట్లాడే మనిషికే కొదవ.

పోయిన నెల సుజాత మమ్మల్ని స్పెయిన్ చూపిస్తానని తీసుకుపోయింది. అల్లుడికి సెలవు దొరకలేదు. అక్కడ ఒక ఊర్లో నిప్పుల పండగ. కొమ్ములు పెట్టుకుని దయ్యాల వేషం కట్టినవాళ్లు, కర్రల కొసన రవ్వలు చిమ్మే బాణసంచా తిప్పుతూ, డప్పులతో వీధిలో వస్తారు. జనం ఆ రవ్వల కిందికి దూరి ఎగురుతారు. పాత నూలు చొక్కా తొడుక్కోవాలి, తలకు గుడ్డ కట్టుకోవాలి అని మేము దిగిన ఇంటామె చెప్పింది. సుజాత నాకూ తెచ్చి ఇచ్చింది.

"గుండం తొక్కేటోడికి గుడ్డలు కడతావా మే? నిప్పు నాకు సుట్టం" అన్నాను. మన ధర్మరాజుల గుడి ముందర నిప్పుల గుండం తొక్కే రోజు కప్పుకునే జరీ కండువా వేసుకున్నాను.

"నాయనా, అది పట్టు కాదు, నైలాను. రవ్వ పడితే అంటుకుంటాది."

"నిప్పు సంగతి నువ్వు నాకు సెప్పొద్దు."

సుజాత నీళ్ల సీసా కోసం అంగడికి పోయింది. అమ్ము చెయ్యి నా చేతిలో ఉంది. దయ్యాలు మలుపు తిరిగి మా మీదికే వచ్చాయి. కండువా అంటుకుంది. మన గుండంలో నిప్పు కింద ఉంటుంది, మనం పోతేనే తగులుతుంది, ఇది మీదికి వచ్చింది అని చెప్పుకోవచ్చు. అదంతా సాకు. భయపడ్డాను. కండువా విసిరేసి పరుగెత్తి ఒక గడపలో దూరాను. దూరినాక చూసుకుంటే చెయ్యి ఖాళీ.

పొగలోంచి ఒక కొమ్ముల దయ్యం అమ్మును ఎత్తుకుని వచ్చింది. పిల్లను నా చేతుల్లో పెట్టి, నా వీపు తట్టి పోయింది. ఓదార్చింది నన్ను రత్నమ్మా, పిల్లను కాదు. అమ్ము ఏడవలేదు. "యూ ఆర్ గ్రాండ్, తాతా" అనింది. ఏమీ కాలేదులే అనడానికి ఐర్లండులో అదే మాట.

పిల్లను దయ్యం ఎత్తుకురావడం చూసి సుజాత పరుగున వచ్చి, "తాత చెయ్యి ఎందుకు ఇడిచినావే?" అని పిల్లను అడిగింది.

"సారీ మమ్మీ. నేనే."

నేను నోరు తెరవలేదు. తిట్లు పిల్ల తినింది.

నిన్న ఇంటికి నలుగురు తెలుగువాళ్లు వచ్చారు. సుజాత దోసెలు పోస్తూ, "మా నాయన నిప్పుల మీద నడిచే మనిషి" అని గొప్పగా చెప్పింది. "అబ్బో, అంకుల్!" అన్నారు వాళ్లు. పళ్లెం కింద పెట్టాను. అందరి ముందరే చెప్పేశాను. చెయ్యి విడిచింది అమ్ము కాదు, నేనని. పెనం మీద దోసె మాడిపోయింది. సుజాత, "ఆ పొద్దే సెప్పుంటే బిడ్డను తిట్టకపోదును కదా నాయనా" అనింది. అంతే.

ఈసారి గుండానికి వస్తాను. కానీ మొదటి అడుగు నాకు వద్దని ధర్మరాజుల గుడి పెద్దలకు చెప్పు. ముందు నడిచేవాడికి కట్టే కంకణం ఈసారి వెంకటప్పకు కట్టమను. ఎందుకని అడిగితే మోకాళ్ల నొప్పి అని చెప్పొద్దు. ఉన్నదే చెప్పు. కావాలంటే ఈ ఉత్తరం గట్టిగానే చదువు.

పెద్దమ్మకు నా దండాలు, పిల్లలకు దీవెనలు. స్వామికి నా పేరున టెంకాయ కొట్టు. ధైర్యం అడగొద్దు, బుద్ధి అడుగు.

ఈ పొద్దున రోడ్డు దాటేటప్పుడు అలవాటుగా చెయ్యి చాపాను. అమ్ము నా వేళ్లు పట్టుకోలేదు. మణికట్టు పట్టుకుంది, గట్టిగా. కంకణం కట్టే చోట.

నీ అన్న
నరసింహులు