ఇరవై ఎనిమిది నుంచి రెండు వందల దాకా

20 మార్చి 1994, ఆదివారం, పొద్దున

లేవంగనే అబ్బాజాన్ తన కెమెరా తెచ్చి నా ఒళ్ళ పెట్టిండు. నేనింకా మొఖం కూడ కడగలేదు. ఖమర్, ఇయ్యాల్టి సంది ఇది నీది కూడ అన్నడు.

గడియారం సెంటర్ కాడ మా స్టూడియోల నేను చిన్నప్పటి సంది రీళ్ళు కడిగిన, ప్రింట్లు ఆరేసిన, బస్ పాసు ఫొటోలు కత్తిరించిన. ఆ కెమెరా మాత్రం అబ్బాజాన్ ఎవ్వరికీ ఇయ్యడు. అందుకే నాకు సంతోషం కంటె ముందు అనుమానం వచ్చింది.

సంగతేందంటే, కేతేపల్లిల ఎరువుల దుకాణం తాజుద్దీన్ సేట్ బిడ్డ సకీనా పెండ్లి. ఏప్రిల్ మూడు. ఆ తర్వాత ఖాళీ నెల వస్తది, అండ్ల మా దాంట్ల పెండ్లిండ్లు చెయ్యరు. ఆడోళ్ళ దిక్కు ఫొటోలు కావాలెనట. కాని సేట్ వాళ్ళ అమ్మ షంషున్నీసా దాదీ ఒక షరతు పెట్టింది. జనానాల మొగోడు అడుగు పెట్టొద్దు. ఫొటో కడిగేటోడు కూడ మొగోడు కావొద్దు. కలర్ రీలైతే హైదరాబాద్ ల్యాబ్‌కు పోతది, అక్కడంత మొగోళ్ళే. అందుకే బ్లాక్ అండ్ వైట్. తీసేది నేను, కడిగేది నేను. అబ్బాజాన్ కూడ చూడొద్దట. హమీద్ మంచోడే, అయినా మొగోడే కద అన్నదట ఆమె.

అన్నిట్లకెల్ల ముఖ్యం అర్సీ ముసహఫ్ ఫొటో. నిఖా అయినంక ఇద్దరి నెత్తుల మీద ఒకే దుపట్టా కప్పి, నడుమ అద్దం పెడ్తరు. పెండ్లికొడుకు, పెండ్లిపిల్ల ఒకరి మొఖం ఒకరు మొదటిసారి ఆ అద్దంలనే చూస్తరు. మిగిలినయి ఎట్లొచ్చినా మంచిదే, ఆ అద్దంల సకీనా మొఖం ఒక్కటి మాత్రం రావాలె అని దాదీ మాట.

ఎందుకో కూడ అబ్బాజాన్ చెప్పిండు. సకీనా చిన్నగున్నప్పుడే వాళ్ళ అమ్మ చనిపోయింది. ఆమెది ఒక్క ఫొటో లేదు. ఆడిదానికి ఫొటో ఏందని అప్పట్ల వద్దన్నది ఈ దాదీయేనట. సకీనాకు తల్లి మొఖం యాదికి లేదు.

నా చేతులు ఇంకా కెమెరా వాసన వస్తున్నయి. తోలు, ఇనుము, అబ్బాజాన్ అత్తరు.

22 మార్చి, మంగళవారం

ఇంట్ల యుద్ధం. పాత లెన్స్‌కు లోపట బూజు పట్టింది, ఎండల పెట్టినా పోలేదు. కొత్తది కొనాలె. ఒక్కటే కొనగలం.

అబ్బాజాన్‌కు పొడుగుది కావాలె, డెబ్బై నుంచి రెండువందల పది. మీటింగులల్ల స్టేజీ మీది లీడర్లు దూరముంటరు, పోలీసులు దగ్గరికి పోనియ్యరు అంటడు. నాకు వెడల్పుది కావాలె, ముప్పై ఐదు నుంచి డెబ్బై. అర్రల ఇరవై మంది ఆడోళ్ళు కూసుంటరు, గోడకు ఆనుకొని తియ్యాలె అంటున్న. తండ్రీబిడ్డలు ఒక్క గిన్నెల బిర్యానీ, ఖీర్ రెండూ వండుమంటున్నరు అని అమ్మీ నవ్వింది.

ఇట్ల ముందుకూ వెనకకూ జరిగే లెన్స్‌ను జూమ్ అంటరు. మా పదో తరగతి భౌతికశాస్త్రంల లెన్స్‌ను కటకం అన్నరు. దాని కొలత నాభ్యంతరం, మిల్లీమీటర్లల్ల. అంకె పెరిగినకొద్ది దూరంది దగ్గరికొస్తది. ఈ మాటలు పరీక్షకు చదివిన గాని నోట్లె పెట్టుకొని చప్పరించలేదు. నాభ్యంతరం! కాలేజీల శ్యామలమ్మ మేడం రోజూ ఒక పేజీ రాయుమంటది, చూసిందే రాయి, చూడనిది రాయకు అంటది. నేను ఇయ్యాల చూసింది ఒక్కటే, ఇద్దరు మొండోళ్ళు.

26 మార్చి, శనివారం, రాత్రి 8

హైదరాబాద్ పోయొచ్చినం!!

కోఠి, గుజరాతీ గల్లీ. దుకాణాయన గాజు బల్ల మీద రెండు లెన్సులు పెట్టిండు, అబ్బాజాన్‌ది, నాది. మేం అక్కడ కూడ కొట్లాడినం. ఆయన టీ తాగుకుంట మమ్ముల చూసి చూసి, లోపటికి పోయి మూడోది తెచ్చిండు. ఎందుకు లొల్లి భాయ్‌సాబ్, గిది చూడండి అన్నడు. ఇరవై ఎనిమిది నుంచి రెండు వందల దాకా. ఒక్కటే లెన్స్! నిరుడే జపాన్ సంది వస్తున్నదట. పిడికిలంత ఉన్నది.

నన్ను వాకిలి కాడికి తీసుకపోయి చూడుమన్నడు. ఇరవై ఎనిమిది కాడ గల్లీ మొత్తం వచ్చింది, రిక్షాలు, తీగలు, పైన ఆరేసిన చీరెలు. మెల్లగ తిప్పిన. గల్లీ చివర బ్యాంకు బోర్డు నడుచుకుంట నా కాడికి వచ్చింది. బోర్డు మీద కూసున్న పావురం కంటి చుట్టు ఎర్రటి గీత కనబడ్డది.

 అబ్బాజాన్ గుంజుకొని చూసిండు. మళ్ళ నాకు ఇయ్యనీకె ఆయనకు మనసు రాలేదు. మా పంచాయితీ ఒక్క నిమిషంల తెగింది. బూజు లెన్స్‌ను దుకాణాయనకే ఇచ్చేసి, కొత్తది పెట్టించుకొని బస్సెక్కినం. నార్కట్‌పల్లి దాకా అబ్బాజాన్ వంతు, నల్లగొండ దాకా నా వంతు. కండక్టర్ మొఖం, డ్రైవర్ మెడ, కిటికీలకెల్లి గుట్టలు.

లెన్స్ రింగు మీద అంకెలు చెక్కి ఉన్నయి. ఆఖర్న పడుకున్న ఎనిమిది లెక్క ఒక గుర్తు. అనంతం. ఇంతసొంటి సామాను మీద అంత పెద్ద మాట రాసిపెట్టిన మనిషి ఎవరో!

27 మార్చి, ఆదివారం

సైకిల్ మీద పానగల్ దిక్కు పోయిన. గుర్వయ్య తాత గొర్లు చెలక మీద మేస్తున్నయి. తాతకు చెప్పకుండ దూరం నుంచే రెండు వందల కాడ పెట్టి చూసిన. గొర్రె కంట్ల అడ్డగీత లెక్క నల్లగుడ్డు. ఉన్ని మీద పల్లేరు ముండ్లు. తాత చెవుల పోగు. రీలు ఖరాబు చేసుడెందుకని ఊకె చూసిన, బటన్ నొక్కలేదు.

తాత భార్య బీరమ్మ సద్ది పట్టుకొని వచ్చి, ఏం బిడ్డా, గొర్లకు కూడ బస్ పాసులు ఇస్తున్నరా అన్నది. నేను నవ్వంగ చేయిల కెమెరా ఊగింది. ముసలోని ఫొటో తియ్యి, తప్పిపోతే పేపర్ల ఎయ్యనీకె పనికొస్తది అన్నది మళ్ళ. తాతకు వినబడి, నన్నెవరు వెతుకుతరే, గొర్రె తప్పిపోతే కద నువ్వు వెతికేది అన్నడు.

ఇద్దరూ కొట్లాడుకుంటనే ఒక్క గిన్నెల తిన్నరు. నాకు కూడ పెట్టిన్రు. జొన్న గట్క, పచ్చిపులుసు.

ఎంత దూరమైనా నాకు దగ్గరే అనిపిస్తున్నది.

29 మార్చి, మంగళవారం

కటకం. కటకం. రెండుసార్లు అంటే పండ్లు పండ్లకు తాకినట్టున్నది.

31 మార్చి, గురువారం, మధ్యాహ్నం

అక్షరాలు సక్కగ వస్తలేవు.

పొద్దున అమ్మీ పొయ్యి కాడ రొట్టెలు చేస్తుంటే చూద్దమని కెమెరా పెట్టిన. మసక. రింగు తిప్పిన. మసక. ఆఖరిదాకా తిప్పిన, ఇంక తిరగలేదు, అమ్మీ మొఖం పొగల తేలుతనే ఉన్నది. ఒక అడుగు వెనకకు. మసక. ఇంకో అడుగు. వాకిట్లకు వచ్చి గోడకు ఆనినంక అమ్మీ కనబడ్డది.

రింగు మీద చూసిన. అనంతం, పది, ఐదు, మూడు, ఆఖర్న 2.1. అక్కడ ఆగిపోయింది. రెండు మీటర్ల లోపల ఉన్న మనిషి ఈ లెన్స్‌కు కనబడడు! ఐదు రోజుల సంది ఆ అంకె నా కండ్ల ముందే ఉన్నది. ఒక చివర అనంతం చూసి మురిసిన, రెండో చివర చూడనే లేదు.

స్టూడియోకు ఉరికిన. అబ్బాజాన్ తిప్పి చూసి తల పట్టుకున్నడు. పావురం కన్ను చూసినం గాని కాళ్ళ కాడ చూడకపోతిమి బిడ్డా, ఇద్దరం గూడ అన్నడు. తిట్టి ఉంటే బాగుండు.

జనానా అర్ర చిన్నది. రెండు మీటర్లు వెనకకు పోతే దుపట్టా బయటిదే కనబడుతది, లోపటి అద్దం కాదు.

సాయంత్రం 6

ఊర్ల ఉన్న స్టూడియోలన్నీ అబ్బాజాన్ తిరిగొచ్చిండు, పాత లెన్స్ ఒక్కటన్న కిరాయికి దొరుకుతదేమోనని. దొరకలేదు. ఖాళీ నెల రాకముందే అందరూ నిఖాలు పెట్టుకున్నరు. నల్లగొండ జిల్లాల లెన్సులన్నీ పెండ్లికి పోయినయి.

3 ఏప్రిల్, ఆదివారం, పొద్దున

 రెండు రీళ్ళు, ఫ్లాష్, కొత్త బ్యాటరీలు. బిస్మిల్లా.

4 ఏప్రిల్, సోమవారం

నిన్న ఏం రాయలేదు, వచ్చి పడుకున్న. ఇప్పుడు అంత రాస్త.

గుంపు ఫొటోలు గోడకు ఆనుకొని ఎట్లనో తీసిన. పెండ్లికొడుకుది మక్తల్. సన్నగ, పూల సెహ్రా కింద చెమటతోటి ఉన్నడు. జనానాలకు తోలుకొచ్చి కూసోబెట్టంగనే ఆడోళ్ళు ఆయన మీద పడ్డరు. మక్తల్ల నీళ్ళు లేవంట గద, మా పిల్లను బిందె పట్టిస్తవా అని ఒకామె. బిందె నేనే మోస్త అని పాపం ఆయన. రాసియ్యి రాసియ్యి అని నలుగురు ఒక్కసారే.

ఎర్ర జాలి దుపట్టా ఇద్దరి మీద కప్పిన్రు. దాదీ ఎదురుంగ కూసోని అద్దం పట్టుకున్నది. సకీనా కండ్లు గట్టిగ మూసుకున్నది, అది రివాజు. బీబీ కండ్లు తెరువు, నేను నీ గులాంను అంటేనే తెరుస్తది అని ఆడోళ్ళు పెండ్లికొడుకుకు చెప్తున్నరు. ఆయన నోట్లె నోట్లెనే గొణిగిండు. వినబడలేదు, వినబడలేదు అని కేకలు.

నేను పెండ్లికొడుకు భుజం వెనక నుంచి దుపట్టా అంచు లేపి లోపటికి దూరిన. కెమెరాల చూసిన. దాదీ చేతులు మసక. అద్దం చట్రం మసక. రింగు ఆఖరికి తిప్పి పెట్టిన. అన్నీ మసకే. ఏడుపొచ్చింది.

అప్పుడు ఆయన గట్టిగనే అన్నడు, నేను నీ గులాంను అని. సకీనా కండ్లు తెరిచింది.

చట్రం ఇంకా మసకగనే ఉన్నది గాని, అద్దం లోపట ఉన్న సకీనా మసకల నుంచి సగం బయటికి వచ్చింది. చట్రం కంటె మొఖం స్పష్టంగ ఉన్నది! ఎట్ల? ఆ గుంపుల, ఆ కేకలల్ల, పదో తరగతి వాక్యం ఒకటి నాకు పుస్తకంల ఉన్నట్టే యాదికొచ్చింది. వస్తువు అద్దానికి ఎంత ముందుంటే ప్రతిబింబం అంత వెనక ఉంటుంది. అంటే నేను చూస్తున్నది అద్దాన్ని కాదు. అద్దం వెనక, ఇంకా దూరంల కూసున్న సకీనాను. లెన్స్‌కు కావాల్సింది దూరమే కద!

దాదీ, అద్దం ఒక జానెడు వెనకకు అని అరిచిన. పెద్దామెను గట్ల అరుస్తవేందే అని ఎవరో నా వీపు మీద చరిచిన్రు. దాదీ మాత్రం వెంటనే జరిపింది. అద్దం జానెడు జరిగితే బొమ్మ రెండు జానలు జరిగింది. రెప్పలు వచ్చినయి. ముక్కుపుడక వచ్చింది. సకీనా నవ్వాల్నో ఏడ్వాల్నో తెలువక పెదవి కొరుక్కుంటున్నది.

నొక్కిన. అద్దంల మెరుపు కొట్టొద్దని ఫ్లాష్ ముందే మీది కప్పుకు తిప్పి పెట్టిన, సున్నం కప్పు తెల్లగ వెలిగింది. ఇంకోసారి నొక్కేలోపల దుపట్టా గుంజేసిన్రు.

ఒక్కటే.

5 ఏప్రిల్, మంగళవారం

పగలంత డార్క్‌రూంల. షట్టర్ మూసి, అబ్బాజాన్ తలుపు బయట స్టూలు వేసుకొని కూసున్నడు. చూడొద్దని మాట ఇచ్చిండు, గందుకని నేనే చెప్పాలె, ఆయన వినాలె.

మొదటి ప్రింట్ డెవలపర్ నీళ్ళల్ల వేసిన. ఎట్లున్నది అన్నడు బయట నుంచి. నిద్రల నుంచి లేస్తున్నట్టు ఒక్కొక్కరే లేస్తున్నరు అన్న. కవిత్వం వద్దు, నలుపా బూడిదా చెప్పు అన్నడు. బూడిద. ఇంకా ఉంచు అన్నడు. జెడలు ఇప్పుడు నలుపు. తియ్యి, హైపో నీళ్ళల్ల ఎయ్యి, ఇంక నలుపెక్కదు. గిట్ల పొద్దుగాల నుంచి నడిచింది. నేను ఒక్కో ఫొటోకు మాట వెతుకుడు, ఆయన ఆ మాటను బట్టి టైం చెప్పుడు. పొయ్యిల బూడిద లెక్కనా, మబ్బు లెక్కనా అని ఆయనే అడుగుడు మొదలుపెట్టిండు. కవిత్వం వద్దన్నది మరిచిపోయినట్టున్నడు.

ఆఖరుకు అద్దం ఫొటో. ఎర్ర లైటు కింద తెల్ల కాయితం మీద ఏం లేదు, ఏం లేదు. మెల్లగ ఒక నల్లటి చట్రం, మసకది. లోపట రెండు చుక్కలు.

వచ్చిందా అన్నడు.  ఖమర్, వచ్చిందా? నేను ఈసారి పోలిక వెతకలేదు. కాయితం మీదికి వంగి చూసి, కనబడ్డదే చెప్పిన. కనుపాపలల్ల దుపట్టా జాలి కనబడుతున్నది అబ్బాజాన్, గళ్ళు లెక్కపెట్టొచ్చు.

 తలుపు అవతల స్టూలు జరిగిన చప్పుడు. ఐతే బోర్డు రాయించాలె అన్నడు, జనానా ఫొటోలు తీయబడును అని. అని ముక్కు చీదుకున్నడు.

6 ఏప్రిల్, బుధవారం

కేతేపల్లి పోయి ఫొటోలు ఇచ్చొచ్చిన. పెండ్లి తర్వాతి రివాజుకు సకీనా పుట్టింటికి వచ్చి ఉన్నది. అద్దం ఫొటో దాదీ వెలుతురుకు పట్టి చూసింది, దూరం పట్టి చూసింది, కొంగుతోటి తుడిచి చూసింది. దీని తల్లి నవ్వు ఆపుకుంటే గిట్లనే పెదవి కొరికేది అన్నది. లోపటికి పోయి సకీనాకు చూపియ్యి, మీ అమ్మ గిట్లుండె అని చెప్పు అన్నది నాతోటి. దాదీ మాత్రం పోలేదు. సకీనా ఆ ఫొటో చూసుకుంట, అద్దం ముంగట నిలబడి పెదవి కొరికి చూసుకున్నది.

వచ్చేటప్పుడు దాదీ వాకిలి దాకా వచ్చి నా చెయ్యి పట్టుకున్నది. బిడ్డా, నాది కూడ ఒకటి తియ్యి అన్నది. అద్దం ఏం వద్దు, సీదా తియ్యి అన్నది.

రేపు పొద్దున మొదటి బస్సు. వాకిట్ల, ఎండ ముదరకముందే. ఆమె ఒక దిక్కు, నేను ఒక దిక్కు, నడుమ రెండు మీటర్ల మీద ఒక జానెడు. రెండు వందల కాడ పెడితే మొఖం నిండుగ వస్తది.