మూడో అంతస్తులో తెలుగువాళ్లు

అక్కా,

ఈ ఉత్తరం నువ్వొక్కదానివే చదువుకో. బావగారికి తెలిస్తే ఏడాదిపాటు నన్ను ఆటపట్టిస్తారు.

ఈ దేశం వచ్చి రెండు నెలలైనా పలకరించే మనిషి లేదని నేను వాపోతే, కెమెరా మెడలో వేసుకుని పేటంతా నడవమని ఆయనేగా సలహా ఇచ్చారు! నిన్న ఆదివారం, మా ఆయన నిద్రపోతుంటే బయల్దేరాను. పిల్లి, పోస్టుడబ్బా, మూసిన కొట్టు, కనిపించినదల్లా ఫొటో తీశాను. సందులన్నీ తిరిగి ఒకచోట తలెత్తితే, మూడో అంతస్తు బాల్కనీలో చీర ఆరేసి ఉంది! అచ్చం నువ్వు నాకు పెట్టిన ఆకుపచ్చ చీర లాంటిదే. ఇలాంటిది ఇంకోటి లేదని నీకు అంటగట్టిన కొట్టాయన్ని అక్కడే తిట్టుకున్నాను.

అయినా ప్రాణం లేచొచ్చింది. ఏడు ఫొటోలు తీసి, జుట్టు సర్దుకుని, వెనక గేటులోంచి మెట్లెక్కి, అనాల్సిన మాట వల్లించుకుంటూ బెల్లు కొట్టాను. ఇక్కడ తలుపులన్నీ ఒకే అచ్చు.

తీసింది నీ మరిదిగారే. చీరా మాదే, ఇల్లూ మాదే. వెనకవైపు నుంచి ఎప్పుడూ చూడలేదక్కా! నా తెలివి తెల్లారినట్టే ఉంది.

కంగారులో వల్లించిన మాటే నోట్లోంచి ఊడిపడింది. "మీరూ తెలుగువాళ్లేనాండీ?"

ఆయన నన్నూ, కెమెరానూ ఎగాదిగా చూసి, "అవునండీ. లోపలికి రండి, టీ పెడతాను" అన్నారు.

పెళ్లయిన పదకొండేళ్లలో ఆయన నాకు టీ పెట్టడం ఇదే మొదలు. గంటసేపు కూర్చోబెట్టి కబుర్లు చెప్పారు. మాది ఏ ఊరని కూడా అడిగారు.

వచ్చే ఆదివారం కూడా వెనక గేటు నుంచే వచ్చి బెల్లు కొడదామనుకుంటున్నాను.

నీ చెల్లి