రెండోసారి అడగలేదు

మోరీన్ గారూ,

మీకు తెలుగు రాదు. ఉన్నప్పుడే చదవలేనిది ఇప్పుడేం చదువుతారు. అయినా మీరు పోయి ఇవాళ్టికి మూడేళ్ళు, అందుకే రాస్తున్నాను.

రేవు పక్కనున్న మీ పబ్బును పడగొట్టేశారు. అక్కడ హోటలు లేచింది, కింద కాఫీ బార్. బోమాంట్ ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఇవాళ అక్కడికి వెళ్ళాను.

మొదటిసారి వానలో తడిసి మీ పబ్బులోకి వచ్చినప్పుడు, మా చర్చి వాళ్ళెవరైనా చూస్తారేమోనని గుమ్మంలోనే నిలబడ్డాను. మీరు "టీ తాగుతావా?" అన్నారు. మా ఇళ్ళలో అలవాటు కొద్దీ "వద్దండీ, పర్లేదు" అన్నాను. మళ్ళీ అడిగారు. మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడక్కుండానే కప్పు తెచ్చి నా ముందు పెట్టారు.

"వద్దనగానే ఊరుకునేదాన్నయితే మా అమ్మ నన్ను ఇంట్లోకి రానిచ్చేది కాదు" అన్నారు.

ఆ తర్వాత పదకొండేళ్ళు, ప్రతి శుక్రవారం ఇదే తంతు. నేను తాగుతానని మీకు తెలుసు, మీరు పోస్తారని నాకు తెలుసు. అయినా రెండుసార్లు వద్దనకుండా ఒక్కనాడూ తాగలేదు.

ఇవాళ కౌంటరు దగ్గరి అమ్మాయి "టీ కావాలా?" అంది.

"నో, ఐయామ్ గ్రాండ్" అనేశాను, మీ ఊరి మాటల్లో అదే "వద్దండీ, పర్లేదు".

"నో బాదర్", అంటే సరే పర్లేదని, నవ్వి వెళ్ళిపోయింది. మంచి పిల్లే.

కిటికీలోంచి రేవులోని క్రేన్లను చూస్తూ అరగంట కూర్చున్నాను. లేచి అడిగితే ఇచ్చేదే. అడగలేదు. ఇంటికొచ్చి, ఎవరూ అడక్కుండానే, నా టీ నేనే పెట్టుకున్నాను.

మీ సునీత