ఎండుమిరపకాయల మీద టైరు గీత

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ సైకిల్‌కి కొత్త ముందుచక్రం వేయించి, నువ్వు పనిచేసిన పత్తిమిల్లుకే దాని మీద పనికి పోతున్నాను. సీటు మాత్రం కిందకి దింపించాను.

రోడ్డు పక్క డాబా ఇంటి శేషయ్య ఈ ఏడు కూడా సత్తెనపల్లి రోడ్డు సగం దాకా మిరపకాయలు ఎండబోశాడు. చుట్టూ మళ్లీ రాళ్లు పెట్టాడు. ఆ రాళ్లను తప్పించుకోబోయే కదా నువ్వు లారీ కింద పడ్డావు! తప్పంతా లారీవాడిదేనని నీ శవం పక్కన నిలబడి చెప్పిన మనిషి ఈ శేషయ్యే. పోయిన వారం పాస్టరు గారు అతన్ని క్షమించమన్నారు. సరేనని తలూపి వచ్చాను.

మర్నాటి నుంచి రోజూ ఆ రాళ్ల సందులోంచి దూరి, కాయల మీదుగానే తొక్కుతున్నాను. టైరు కింద కాయలు పటపటా చిట్లి గింజలు రాలుతుంటాయి. ఘాటుకి తుమ్ములొచ్చినా బ్రేకు వేయను.

నిన్న శేషయ్య పరిగెత్తుకొచ్చి హ్యాండిల్ పట్టుకున్నాడు.

"ఏమ్మా, కళ్లు కనపడట్లా? పక్కకి తప్పుకుని పోలేవూ?"

"మా ఆయన పక్కకే తప్పుకున్నాడండి," అన్నాను.

చెయ్యి తీసేశాడు.

ఈ పొద్దున చూస్తే రాళ్లు వెనక్కి జరిపి, సైకిల్ పట్టేంత దారి వదిలాడు. తను అరుగు మీద నిలబడి చూస్తున్నాడు.

నీకు వదలని దారి నాకెందుకు బావా? బెల్లు కొట్టి మరీ కాయల్లోకే తిప్పాను.