నా తూటాలు ఎవరూ పేల్చరాదు

మోంటానా రాష్ట్రం, రస్క్ క్రీక్ నివాసి, గడ్డికోత యంత్రాల మరమ్మతుదారు, నలభై ఆరేళ్ల ఆర్లిస్ టోర్గర్‌సన్ అను నేను, వచ్చే మంగళవారం గుండెకు శస్త్రచికిత్స చేయించుకోబోతూ, మతి స్థిమితంగాను, చేయి వణక్కుండాను ఉన్న ఈ రోజున, ఎవరి ప్రోద్బలమూ లేకుండా స్వహస్తంతో రాసిన ఆఖరి వీలునామా ఇది. మునుపు రాసినవి రెండూ రద్దు. అమలుకర్త నా భార్య లోర్నా.

1. ఇల్లు, ట్రక్కు, బ్యాంకులో ఉన్నది లోర్నాకు. "ఆ తూటాలు నింపే బల్లనే పెళ్లి చేసుకోవాల్సింది నువ్వు!" అని ఆమె ఇరవై ఏళ్లుగా అంటోంది. కనుక బల్ల మాత్రం ఆమెకు రాయడం లేదు.

2. నేను చేతితో నింపిన తూటాలు నాలుగు వందల పన్నెండు. వాటిని పేల్చరాదు, అమ్మరాదు, జ్ఞాపకంగానైనా ఉంచుకోరాదు. ఒకరు నింపిన తూటాను మరొకరు పేల్చకపోవడం చేతితో తూటాలు నింపే మావాళ్ల కట్టుబాటు. నింపినవాడే పోయాక సందేహం అడగడానికి ఎవరూ ఉండరు. గుండ్లు ఊడదీసి, మందును పెరట్లో గడ్డి మీద పలచగా చల్లాలి.

3. బల్ల, గుండును తొడుగులో బిగించే ప్రెస్సు, త్రాసు, మందు కొలతలు రాసుకున్న పదకొండు నోటుపుస్తకాలు నా కుమార్తె బ్రిటాకు. పేల్చిన ప్రతి ఇత్తడి తొడుగునూ తిప్పి చూడమ్మా. అడుగున మందును అంటించే ప్రైమర్ బిళ్ల అంచు గుండ్రంగా లేక అట్టులా చదునైతే, ఇత్తడి మీద మెరిసే మచ్చ పడితే, రైఫిల్ వెనక మూసే బోల్టు పిడి ఎత్తడానికి చేయి బిగపట్టాల్సి వస్తే, మందు ఎక్కువైనట్టే, అక్కడే ఆపు. గుర్తులు కనబడనంత మాత్రాన క్షేమమనీ అనుకోకు. అచ్చు పుస్తకంలోని మందు హద్దు దాటకు.

4. మా నాన్నగారి రైఫిల్ నా తమ్ముడు వెర్న్‌కు. షరతు ఒకటే: పేల్చిన తొడుగులు బ్రిటాకు చూపాలి, ఆమె ఆపమంటే ఆపాలి.

పద్నాలుగేళ్ల క్రితం ఆగస్టులో, ట్రక్కు ముందద్దం దగ్గర మధ్యాహ్నమంతా ఎండలో ఉన్న, తానే నింపుకున్న తూటాను వెర్న్ పేల్చగా, ప్రైమర్ చిట్లి, బోల్టు బిగుసుకుపోయింది. రబ్బరు సుత్తితో కొట్టి తెరిచాం. కళ్లద్దాలు ఉండబట్టి కన్ను దక్కింది, దాని కింద మచ్చ మిగిలింది. అప్పటినుంచి వేట విడిదిలో అతను కాలు పెడితే చాలు, "ఒరేయ్, వెర్న్‌గాడొచ్చాడు, సుత్తి తియ్యండ్రా!" అని, మందు ఎక్కువ పోసుకున్నాడని అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను.

ఆ మందు కొలత నేను ఇచ్చినది. జనవరిలో, సున్నాకు పన్నెండు డిగ్రీల కింద చలిలో పరీక్షించి, "నిక్షేపంగా ఉంది" అని రాసి ఇచ్చాను. చలిలో సరిపోయిన మందే ఎండ వేడికి మితిమీరుతుంది. నోటుపుస్తకంలో అన్నిటికీ గడులు గీసే నేను ఉష్ణోగ్రతకు గడి గీయలేదు. వెర్న్‌కు ఇది తెలుసు. ఆస్పత్రి నుంచి వస్తూ నేను నోరు తెరవబోతే, "ఊరుకో అన్నా. నీ పుస్తకాలు చూసి ఊళ్లో సగం మంది నేర్చుకున్నారు. వాళ్లు నవ్వితే నాకేం అరిగిపోద్ది?" అన్నాడు. నేను ఊరుకున్నాను. తప్పు నాది, వెర్న్‌ది కాదు.

5. బతికితే పై అంశాన్ని అక్టోబరులో విడిది మొదటి భోజనం వేళ అందరి ముందూ నేనే చదువుతాను. లేకపోతే లోర్నా చదవాలి. వెర్న్ మధ్యలో లేచి వెళ్లిపోబోతాడు. బ్రిటా గుమ్మానికి అడ్డంగా నిలబడాలి.

2019 ఏప్రిల్ 11, రస్క్ క్రీక్.

(సంతకం) ఆర్లిస్ టోర్గర్‌సన్

సాక్షులు: డెల్మార్ ఓస్బీ, రాయిస్ కింకేడ్. ఇద్దరికీ ఇందులో ఏమీ రాయలేదు. ఇద్దరూ ఆ విడిదిలో నవ్వినవారే. నాలుగో అంశం చదివాకే సంతకం చేశారు.